యోనా చెట్టును జెరోము పండితుడును

పాతనిబంధనలోని యోనా గ్రంథము నాలుగవ అధ్యాయము ఆఱవ వచనములో ఒక చెట్టు పేరు కలదు. హెబ్రీ భాషలో దానిని కీకాయోన్ అందురు. ఈ మాట యా యొక్క అధ్యాయమున తప్ప పాతనిబంధనలో మఱి యెచ్చటను కానరాదు. ఈ చిన్న మాటను లాటినులోనికి మార్చిన విధమునుబట్టి ఆఫ్రికాఖండములో ఒక సంఘము తన బిషప్పును విడిచిపోవుటకు సిద్ధపడెను. దానిని మార్చిన పండితుని బాల్యమిత్రుడే ఆయనను వెక్కిరించెను. ఆ పండితుడు జెరోము. ఒక్క చెట్టు పేరునకై యింత కలహమేల పుట్టెనో, ఆయన తన మాటను ఏల విడువకుండెనో తెలియవలెనన్న ఆయన జీవితమును మొదటినుండి చూడవలెను.

జెరోము సుమారు 347వ సంవత్సరమున స్ట్రిడోను అను చిన్న పట్టణమున జన్మించెను. అది డల్మేషియా, పన్నోనియా అను రోమక మండలముల సరిహద్దున నుండెను. తలిదండ్రులు క్రైస్తవులు, ఆస్తిగలవారు. వారు కుమారుని విద్యకొఱకు రోమానగరమునకు పంపిరి. అచ్చట డొనాటసు అను ప్రసిద్ధ వ్యాకరణ పండితుడు ఆయనకు గురువాయెను. ఈ డొనాటసు వ్రాసిన లాటిను వ్యాకరణమును యూరపుఖండములోని బాలురు అనేక శతాబ్దములు వల్లించిరి. జెరోము సిసిరో, వర్జిలు మొదలగువారి గ్రంథములను శ్రద్ధతో చదివి, మిక్కిలి ప్రయాసపడి తనకొక పుస్తక భాండారమును సమకూర్చుకొనెను. ఆదివారములందు తోడి విద్యార్థులతో గూడ, భూమిలో త్రవ్వబడిన పూర్వ క్రైస్తవుల సమాధులను దర్శించుచుండెను. అట్టి సమాధుల గోడలపై చిత్రింపబడిన బైబిలు కథలలో యోనా కథ తఱచుగా కానవచ్చును. యోనా సముద్రములో త్రోయబడుటయు, మత్స్యము నోటబడుటయు, తుదకు కాయలు వ్రేలాడు సొరతీగె పందిరి క్రింద పరుండుటయు అందు చూడవచ్చును. ఈ సొరతీగెను చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. ముందు దీనితో పని యున్నది.

రోమాలో చదువు ముగిసిన పిమ్మట జెరోము కొంతకాలము పడమటి పట్టణములలో నుండి, సుమారు 373వ సంవత్సరమున తూర్పు దేశములకు ప్రయాణమై సిరియాలోని అంతియొకయ చేరెను. జ్వరముచే మంచముపట్టియుండగా ఆయనకొక స్వప్నము కలిగెను. అందు తాను న్యాయపీఠము నెదుట నిలువబడినట్లును, క్రీస్తు శిష్యుడుగాక సిసిరో శిష్యుడవని నిందింపబడి దెబ్బలు తినినట్లును కనెను. ఈ స్వప్నమును ఆయనయే తరువాత ఒక లేఖలో వ్రాసెను. పిమ్మట కాల్కిసు అను ఎడారి ప్రదేశమున సన్న్యాసులలో చేరి ఉపవాసములతో కాలము గడపెను. అయినను మనస్సు నిలువలేదు. అప్పుడు ఆయన దానికొక కఠినమైన పని కల్పింపదలచి, క్రైస్తవుడైన యొక యూదుని యొద్ద హెబ్రీ అక్షరములు దిద్దుటకు మొదలుపెట్టెను.

విద్యార్థులు దీనిని గమనింపవలెను. లాటినులో మహావక్తల వాక్యములన్నియు ఎఱిగినవాడు, నిండు యౌవనమున, పసిబాలునివలె మరల ఓనమాలు దిద్దెను. గొంతులోనుండి పలుకవలసిన శబ్దములు ఆయన చెవికి కర్కశముగా తోచెను. పలుమాఱు నిరాశచెంది ఆ చదువు మానివేసెను. పలుమాఱు మరల మొదలుపెట్టెను. ఆ చేదువిత్తునుండియే తియ్యని ఫలములు కోసికొనితినని ఆయన ముసలితనమున కృతజ్ఞతతో వ్రాసికొనెను.

హెబ్రీ భాషలో అక్షరములు ఇరువదిరెండు. కుడినుండి యెడమకు వ్రాయుదురు. అక్షరములన్నియు హల్లులే. అచ్చులను తెలుపు చుక్కలు, గీతలు జెరోము కాలమునకు ఇంకను ఏర్పడలేదు. అవి కొన్ని శతాబ్దములకు పిమ్మట వచ్చినవి. మన తెలుగులో గుణింతము తీసివేసి క, ల అను రెండు హల్లులను మాత్రము వ్రాసినయెడల అది కలయో, కాలో, కీలో, కోలయో చదువువాడు సందర్భమునుబట్టి గ్రహింపవలసి వచ్చును గదా. హెబ్రీలోను అట్లే. ద, బ, ర అను మూడు హల్లులను దాబార్ అని చదివిన మాట యని యర్థము. దెబెర్ అని చదివిన తెగులు అని యర్థము. కావున ఆ భాషను పుస్తకము నెదుట పెట్టుకొని యొంటరిగా నేర్చుట దుస్సాధ్యము. తరతరములుగా చదువు సంప్రదాయము గల యూదుల నోట వినవలెను. ఈ సత్యమును జెరోము ఎన్నడును మఱువలేదు.

ఎడారి విడిచి అంతియొకయలో గురుపట్టము పొంది, కాన్‌స్టాంటినోపిలులో నజియాన్‌జు గ్రెగొరీ యొద్ద లేఖనములను చదివి, 382వ సంవత్సరమున ఆయన రోమాకు తిరిగివచ్చెను. అప్పటి పోపు డమాససు ఆయనను తన లేఖకునిగా నియమించుకొని, చేతివ్రాత ప్రతులలో ఒకదానితో నొకటి పొసగక యున్న లాటిను సువార్తలను సరిచూడుమని కోరెను. జెరోము గ్రీకు ప్రతులతో పోల్చి వానిని దిద్దెను. 384వ సంవత్సరాంతమున డమాససు మరణించెను. జెరోము వాడియైన నాలుకవలన అదివఱకే పలువురు శత్రువులైరి. అందుచే 385వ సంవత్సరమున రోమాను విడిచి, మరుసటి సంవత్సరమున బేత్లెహేములో స్థిరపడెను. పౌల అను ధనవంతురాలగు రోమక విధవయు, ఆమె కుమార్తె యూస్టోకియమును అచ్చటికి చేరిరి. పౌల తన ధనముతో సన్న్యాసులకును సన్న్యాసినులకును మఠములు కట్టించెను. ఆమెయు హెబ్రీ నేర్చి, లాటిను యాస లేకుండ హెబ్రీలోనే కీర్తనలు పాడగలిగెనని జెరోము మెచ్చుకొనెను.

బేత్లెహేములో ఆయన మరల శిష్యుడాయెను. బరానినా అను యూదుడు తనవారికి జడిసి రాత్రివేళ వచ్చి ఆయనకు పాఠము చెప్పెడివాడు. యోబు గ్రంథము కొఱకు లుద్ద పట్టణమునుండి మఱియొక గురువును చాల ధనమిచ్చి పిలిపించుకొనెను. కైసరయ గ్రంథాలయమునకు పోయి, ఓరిగెను పూర్వము కూర్చిన మహాగ్రంథమును పరిశీలించెను. ఆ గ్రంథమున హెబ్రీ మూలము, గ్రీకు అక్షరములలో దాని ఉచ్చారణ, నాలుగు గ్రీకు తర్జుమాలు, ఇట్లు ఆఱు వరుసలు ప్రక్కప్రక్కన వ్రాయబడియుండెను.

ఇంత శ్రమ యెందులకు? ఆ కాలమున లాటిను సంఘములు చదువుచుండిన పాతనిబంధన హెబ్రీనుండి వచ్చినది కాదు. క్రీస్తునకు పూర్వమే యూదులు హెబ్రీనుండి గ్రీకులోనికి మార్చినది ఒకటి. ఆ గ్రీకునుండి లాటినులోనికి మార్చినది మఱియొకటి. అది తర్జుమాకు తర్జుమా. డెబ్బదిమంది పెద్దలు దైవప్రేరణచే ఆ గ్రీకు తర్జుమాను చేసిరని పలువురి నమ్మకము. కావున దానిని దాటి మూలమునకు పోవుట దుస్సాహసమని వారికి తోచెను. జెరోము మాత్రము సందేహము కలిగినచోట మూలమునే యడుగవలెనని నిశ్చయించి, సుమారు 390వ సంవత్సరము మొదలు 405వ సంవత్సరము వఱకు పదునైదేండ్లు కష్టపడి హెబ్రీ గ్రంథములను లాటినులోనికి తెచ్చెను.

ఇక మన వచనమునకు వత్తము. నీనెవె పట్టణము మారుమనస్సు పొందినందున నాశనము తప్పెను. దానికి యోనా కోపించి, పట్టణమునకు తూర్పున పాక వేసికొని కూర్చుండెను. దేవుడొక చెట్టును నియమించి, అతని తలకు నీడ కలుగునట్లును అతని బాధనుండి అతనిని తప్పించునట్లును చేసెను. హెబ్రీలో ఈ వాక్యములోని మాటలు మిక్కిలి యేరికూర్చబడినవి. నియమించుట యను క్రియ ఈ గ్రంథములో నాలుగు తావుల వచ్చును: దేవుడు మత్స్యమును నియమించెను, చెట్టును నియమించెను, పురుగును నియమించెను, తూర్పుగాలిని నియమించెను. నీడకు త్సేల్ అనియు, తప్పించుటకు హత్సీల్ అనియు హెబ్రీలో పేరులు. ఒకదాని ధ్వని మఱియొకదానిలో వినబడును. బాధయని మనము చెప్పుకొనిన మాట రాఆ. నీనెవెవారి దుష్టత్వమునకును, వారిపైకి రానున్న కీడునకును, యోనా మనస్సులోని చేదునకును ఈ గ్రంథములో అదే మాట. కాబట్టి ఆ చెట్టు ఎండనుండి మాత్రమే గాక, తన హృదయములోని కీడునుండియు యోనాను తప్పింప వచ్చినదని హెబ్రీ చదువరి గ్రహించును. ఇట్టి సంబంధములు ఒక భాషనుండి మఱియొక భాషకు పూర్తిగా రావు. మూలమును చూచినవానికే కనబడును.

కాని జనుల దృష్టి వీనిపై పడలేదు. చెట్టు పేరుమీదనే పడెను. గ్రీకు తర్జుమాలో అది సొర. ప్రాత లాటినులోను సొరయే. జెరోము హెబ్రీ మాటను విచారించి, అది సొర కాదని తెలిసికొనెను. పాలస్తీనాలో ఇసుకనేలల మొలచు ఒక మొక్కను ఆయన వర్ణించెను. దాని ఆకులు ద్రాక్షాకులవలె వెడల్పైనవి, నీడ దట్టమైనది, కొలది దినములలోనే అది చిన్న చెట్టగును, సొరవలె పందిరి గాని ఊతకఱ్ఱ గాని కోరక తన కాండముపైనే నిలుచును. సిరియావారును పూనికు భాష మాటలాడువారును దానిని ఎల్కెరోవ అందురని ఆయన వ్రాసెను. అయితే లాటినులో దానికి పేరు లేదు. హెబ్రీ మాటనే యుంచిన నెవరికిని తెలియదు. సొర యన్నచో మూలములో లేనిది చెప్పినట్లగును. పూర్వము అక్విల మొదలగు కొందఱు గ్రీకు తర్జుమాదారులు ఐవీ యను తీగె పేరు వాడియుండిరి. ఐవీ చల్లని దేశములలో గోడలను మ్రాకులను పట్టుకొని ప్రాకును. ఎల్లప్పుడును పచ్చగా నుండును. జెరోము వారిననుసరించి ఆ పేరే వ్రాసెను. అదియు సరియైన పేరు కాదని ఆయనకు తెలియును; ఆ సంగతిని తన వ్యాఖ్యానమున దాచలేదు.

ఉత్తర ఆఫ్రికాలో ఓయియా అను పట్టణము కలదు. దానినే నేడు ట్రిపోలీ యందురు. అచ్చటి బిషప్పు ఆరాధనలో జెరోము తర్జుమాను చదివించుట కారంభించెను. ఒకనాడు యోనా గ్రంథము చదువబడుచుండగా, తాతలనాటినుండి విని మనస్సున నాటుకొనియున్న సొర మాయమై ఐవీ వినబడెను. సంఘములో పెద్ద గలిబిలి పుట్టెను. గ్రీకు తెలిసినవారు అది తప్పని కేకలు వేసిరి. బిషప్పు దిక్కుతోచక ఆ యూరి యూదులనడుగగా, వారు ప్రాత తర్జుమాలలోనున్నదే హెబ్రీలోను ఉన్నదని చెప్పిరి. తుదకు ఆయన మందలేని కాపరి కాకుండుటకై ఆ మాటను దిద్దుకొనవలసి వచ్చెను. హిప్పో పట్టణపు బిషప్పగు అగస్తీను 403వ సంవత్సరమున జెరోమునకు లేఖ వ్రాయుచు ఈ వృత్తాంతమును తెలిపి, హెబ్రీనుండి గాక గ్రీకునుండియే తర్జుమా చేయుట సంఘముల సమాధానమునకు మేలని సూచించెను.

అగస్తీను భయము నిరాధారము కాదు. చదువురాని జనులకు లేఖనము చెవులద్వారానే వచ్చును. చిన్ననాటినుండి విన్న మాట మారిన, దానితో తమ విశ్వాసమే కదలినట్లు వారికి తోచును. అయినను జెరోము 404వ సంవత్సరమున ప్రత్యుత్తరము వ్రాయుచు తన మార్గమును సమర్థించుకొనెను. ఆ యూదులు హెబ్రీ యెఱుగనివారై యుండవలెను, లేదా సొరను ప్రేమించువారిని ఎగతాళి చేసియుండవలెనని కొంచెము పరిహాసముగా వ్రాసి, చెట్టు సంగతి యంతయు వివరించెను. ఇంతకు కొంచెము పూర్వమే, ఓరిగెను బోధలను గూర్చిన వివాదమున విరోధియైన బాల్యమిత్రుడు రుఫీనుసు ఆయనను గేలిచేసెను. యోనాకు నీడనిచ్చినది సొర కాదు, ఐవీ యని ఇకమీదట పూర్వుల సమాధులపైన గూడ చెక్కింపవలెనని అతని వెక్కిరింత. యౌవనమున జెరోము భక్తితో దర్శించిన సమాధులే ఈ విధముగా ఆయనపై ఆయుధములైనవి.

ఆ చెట్టు యేది? నేటి పండితులలో పలువురు దానిని మన ఆముదపుచెట్టుగా నెంచుచున్నారు. ఐగుప్తీయులు వాడు నొక నూనెకు కికి యని పేరని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటసు వ్రాసెను. కీకాయోనును, గింజలనుండి నూనె తీయు నొక చెట్టుగా యూదుల తల్మూదు గుర్తించుచున్నది. జెరోము చెప్పిన ఎల్కెరోవకు చేరువైన ఖిర్వా యను మాటతోనే అరబ్బులు ఆముదమును పిలుతురు. ఆముదము త్వరగా పెరుగుటయు, వెడల్పైన ఆకులతో నీడనిచ్చుటయు, దాసరి పురుగు పట్టినచో ఆకులు ఈనెలు మాత్రము మిగులుటయు మన తెలుగునాట మెట్టపొలములెఱిగిన పిల్లలకు వేఱుగ చెప్పనక్కరలేదు. మన తెలుగు బైబిలులో మాత్రము సొరచెట్టనియే యున్నది. ఆ గ్రీకు సొర యింత దూరము ప్రాకివచ్చినది. జెరోము ఐవీ నిలువలేదు. కాని ఆయన వ్రాసిన వర్ణనయే ఆముదమునకు త్రోవచూపిన సాక్ష్యములలో నొకటి యాయెను.

ఆయన పనిలో లోపములు లేవనరాదు. నిర్గమకాండము ముప్పదినాలుగవ అధ్యాయమున మోషే కొండ దిగివచ్చినపుడు ఆయన ముఖచర్మము ప్రకాశించెనను చోట హెబ్రీ క్రియ కారన్. అది కొమ్ము అను మాటకు చుట్టము. జెరోము కొమ్ము పక్షమునే వ్రాసెను. అందుచే పడమటి దేశముల చిత్రకారులు శతాబ్దములకొలది మోషేకు కొమ్ములు పెట్టిరి. మికెలాంజెలో చెక్కిన మోషే విగ్రహమునకును, అది నేటికిని రోమాలో నున్నది, రెండు కొమ్ములు కలవు. ఒక మాట యర్థము ఎంతదూరము పోవునో దీనివలన తెలియును. స్వభావమునను ఆయన కోపిష్ఠి. వాదములో ప్రతిపక్షిని కరుణింపడు. రుఫీనుసు మరణించిన పిమ్మట గూడ అతనిని దూషించుట మానలేదు. పాండిత్యము మనుష్యుని నాలుకను తానై సాధుపఱుపదు.

అగస్తీనుతో మాత్రము స్నేహము తెగలేదు. త్రోవలో తప్పిపోయిన లేఖలవలన మొదట అనుమానములు పుట్టినను, వయస్సున చిన్నవాడైన అగస్తీను వినయముతోను, పెద్దవాడైన జెరోము క్రమముగా మెత్తబడిన మనస్సుతోను వానిని దాటిరి. అగస్తీను తరువాత తన మహాగ్రంథమగు దేవుని పట్టణములో జెరోమును మూడు భాషలయందు నేర్పరియైన మహాపండితునిగా కొనియాడెను.

జెరోము తుదిదినములు దుఃఖపూరితములు. 404వ సంవత్సరమున పౌల మరణించెను. 410వ సంవత్సరమున గోతులు రోమానగరమును కొల్లగొట్టిరి. నిన్నటివఱకు ధనికులైనవారు బిచ్చగాండ్రై బేత్లెహేమునకు పరుగెత్తివచ్చిరి. ఆయన అప్పుడు వ్రాయుచున్న యెహెజ్కేలు వ్యాఖ్యానమును ప్రక్కనపెట్టి వారికి ఉపచారము చేసెను. 416వ సంవత్సరమున దుండగులు ఆయన మఠములపై పడి వానిని తగులబెట్టిరి. కన్నులు మందగించి, దీపపు వెలుతురున హెబ్రీ అక్షరములు కనబడక, ఇతరులచే చదివించుకొని చెప్పి వ్రాయించుచుండెను. 420వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన బేత్లెహేములోనే కన్నుమూసెను. ఆయన యిర్మీయా వ్యాఖ్యానము ముగియకయే నిలిచిపోయెను.

ఓయియాలో త్రోసివేయబడిన ఆ తర్జుమా క్రమక్రమముగా పడమటి సంఘములన్నిటను ప్రవేశించి వుల్గేటు అను పేర ప్రసిద్ధి చెందెను. గూటెన్‌బర్గు సుమారు 1455వ సంవత్సరమున అచ్చొత్తిన బైబిలు అదియే. 1546వ సంవత్సరమున ట్రెంటు సభ దానిని రోమను కథోలిక సంఘమునకు ప్రామాణిక గ్రంథముగా నిర్ణయించెను. ఆయన మరణదినమగు సెప్టెంబరు 30వ తేదీని ఐక్యరాజ్యసమితి 2017వ సంవత్సరమున అంతర్జాతీయ అనువాద దినముగా ప్రకటించెను.

యోనా తాను నాటని చెట్టు వాడిపోయినదని యేడ్చి, నీనెవెలోని లక్షయిరువదివేలకు పైబడిన జనులను మఱచెను. ఓయియావారు ఆ చెట్టు పేరు మారినదని మొఱపెట్టి, తమ కాపరినే పోగొట్టుకొనబోయిరి. తమకు అలవడిన నీడను పోనియ్యలేకపోవుట ఉభయులకును సమానమే. జెరోము ఆ నీడను విడిచి ఎండలోనికి పోయి మూలమును వెదకెను. ఆయనకు దొరకిన పేరు పూర్తిగా సరికాకపోయినను, వెదకవలసిన త్రోవ అదియేనని చూపించెను. విద్యార్థులారా, పాఠములో తెలియని మాట వచ్చినపుడు ప్రక్కవాని పుస్తకములోని యర్థమును వ్రాసికొని తృప్తిపడకుడు. నిఘంటువును తెఱవుడు, గురువునడుగుడు, సాధ్యమైన ఆ మాట పుట్టిన భాషవఱకు పొండు. అట్లు తెలిసికొనినదానిని సొరయే చాలునని తలంచు పొరుగువానికి తెలుపునపుడు, జెరోము పాండిత్యముతో పాటు అగస్తీను వినయమును గూడ తీసికొనిపొండు.